కళాశాల రేడియో తలపెట్టిన బిడ్డకు

చిరంజీవి బిడ్డకు ఆశీస్సులు.

హన్మకొండలోని మీ కళాశాలలో విద్యార్థులే నడుపుకునే రేడియో కేంద్రం పెట్టాలనుకుంటున్నామని, చేతిలో ఫోను ఉండగా రేడియో ఎవరు వింటారని తోటివారు అడుగుతున్నారని రాశావు. చాలాకాలం రేడియోలో పనిచేసినవాడిగా నాకు తోచింది చెబుతాను. ఫోనులో లోకమంతా వినిపిస్తుంది గానీ, కొత్తవాడలో జంపఖానాలు నేసే మనిషి, ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీ తీరిగ్గా తమ సంగతి చెప్పుకోవడం అరుదు. మీ కేంద్రం ఉండవలసింది అందుకోసం. సినిమా పాటలు వేయడానికైతే ఇంత శ్రమ అక్కరలేదు.

విద్యాసంస్థలకు సొంత రేడియో కేంద్రం నడుపుకునే అవకాశం 2002 చివరలో దక్కింది. 2004లో చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం మొదటి కేంద్రాన్ని ప్రారంభించింది. మన దగ్గర జహీరాబాద్ ప్రాంతపు మాచ్‌నూర్‌లో, 2008లో మొదలైన సంఘం రేడియోను దళిత మహిళలే తమ యాసలో నడిపి, విత్తనాల గురించీ పంటల గురించీ ఊళ్లతో మాట్లాడారు. వీలైతే ముందు అక్కడికి వెళ్లి, వారి పనితీరు చూసి రండి.

ప్రసార శక్తి మామూలుగా 100 వాట్లకు మించదు కనుక మాట పది పదిహేను కిలోమీటర్ల వరకే చేరుతుంది. దాన్ని లోపమనుకోవద్దు. కాజీపేట, హసన్‌పర్తి, ఖిలా వరంగల్ దాకా వినిపిస్తే చాలు, వినేవారు మీకు ఎదురుపడే మనుషులే అవుతారు. సొంతంగా వార్తలు ప్రసారం చేయకూడదన్న నిబంధనను మాత్రం మొదటి రోజే అందరికీ చెప్పు.

గది గోడలకు మందపాటి జంపఖానాలు వేలాడదీస్తే ప్రతిధ్వని తగ్గుతుంది. మైకు నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉండాలి. ఎదురుగా పెడితే ప, బ అక్షరాల దగ్గర గాలి దెబ్బ వినిపిస్తుంది. ఎక్కడ రికార్డు చేసినా, ఎవరూ మాట్లాడకుండా అక్కడి చప్పుడును అర నిమిషం విడిగా పట్టుకోండి. తరువాత మాటలు కోసి అతికేటప్పుడు ఆ అతుకు తెలియకుండా కప్పేది అదే. ఒగ్గుకథ చెప్పేవారిని గదికి పిలవడం కన్నా, వారు కథ చెప్పే చోటికే మీరు వెళ్లడం మేలు.

అన్నిటికన్నా నాకు బెంగగా ఉన్నది వేరే సంగతి. చివరి సంవత్సరం వారు వెళ్లిపోగానే ఇలాంటి పనులు చతికిలబడతాయి. అందువల్ల మొదటి సంవత్సరం పిల్లలకు అప్పుడే మైకు ఇవ్వండి, తడబడినా ఇవ్వండి. కార్యక్రమాల ఎంపిక విద్యార్థుల చేతిలోనే ఉండేలా ప్రిన్సిపాల్‌తో ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి.

అనుమతికి సమయం పడుతుంది. ఈలోగా రికార్డింగులు మొదలుపెట్టి మొదటి నాలుగూ నాకు పంపు. విని, ఎక్కడ ఏం మార్చాలో వివరంగా రాస్తాను.

మీ పెదనాయన