ఆదివారం లోపు చదువు తల్లీ, ఆ పాత లెన్సుల సంగతి

తల్లీ,

మొన్న మీ నాన్న ఫోన్లో చెప్పాడు, బీరువా మీదున్న ఆ తోలు పెట్టె దింపించావట, తన పాత నికాన్ నిక్కోర్ లెన్సులు డిజిటల్ కెమెరాకి పెట్టుకుంటానన్నావట. ఎంత సంతోషమేసిందో చెప్పలేను, మా ఇద్దరి తర్వాత ఆ ఫోకస్ రింగ్ మీద ఇంకెవరి చెయ్యీ పడదనుకున్నా. కానీ వెంటనే ఇంకో మాట అన్నాడు, మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని డిజిటల్ కెమెరా) కొనే ముందు ఆదివారం నీ ఫ్రెండ్ డీఎస్‌ఎల్‌ఆర్ (అద్దం ఉన్న రకం) మీద ఒకసారి పెట్టి చూస్తావని. అది కూడా నికానే అట. అది విన్నప్పట్నుంచి నా మనసు మనసులో లేదు. ఫోన్లో చెప్తే "సరే బాబాయ్" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా.

ఆ ఫ్రెండ్ కెమెరా మీద పెట్టకు. ముందు ఇది విను, మిగతావి తర్వాత.

లెన్స్‌ని కెమెరాకి బిగించే ఆ మౌంట్ నికాన్ 1959లో తెచ్చింది, డీఎస్‌ఎల్‌ఆర్‌లకీ అదే, కాబట్టి చూడ్డానికి అన్నీ అన్నిటికీ సరిపోయేలాగే ఉంటాయి. కానీ 1977లో అందులో ఏఐ అని ఒక మార్పొచ్చింది, ఇప్పుడందరూ అనే ఏఐ కాదు. ఎపర్చర్, అంటే వెలుగు లోపలికొచ్చే కన్నం, ఎంతలో ఉందో కెమెరాకి తెలియడానికి చాలా నికాన్ కెమెరాల్లో మౌంట్ పక్కన ఒక చిన్న ముక్క లెన్స్ రింగుతో పాటే కదులుతుంది, దానికోసం ఏఐ లెన్సుల రింగు అంచు కొంతమేర కోసి ఉంటుంది. మీ నాన్న 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.4 లెన్స్ అంతకుముందుది, దాని అంచు చుట్టూ నిండుగా ఉంటుంది, పెట్టి తిప్పితే నేరుగా వెళ్లి ఆ ముక్కని నొక్కేస్తుంది. రింగు మీద పెద్ద అంకెల కింద ఇంకో వరస బుల్లి అంకెలుంటే ఏఐ, ఒక్క వరసే ఉంటే పాతదనే అనుకో.

నాకెలా తెలుసంటావా, నేను చేశాను కాబట్టి. డీఎస్‌ఎల్‌ఆర్‌లు వచ్చిన కొత్తలో నాకు కొనే స్తోమత లేదు. నా ఫ్రెండొకడు కొన్నాడు, రెండ్రోజులు వాడుకోరా అని వాడే తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను మీ నాన్నకి చెప్పకుండా ఆ 50 తీసి దానికి పెట్టా. కొంత తిరిగి బిగుసుకుంది. లెన్స్ ఎక్కేటప్పుడు మెత్తగా తిరిగి చివర్న టక్ అంటుంది కదా, ఆ టక్ రాలేదు. పాతది కదా, ఎక్కడో పట్టేసి ఉంటుందిలే అని నాకు నేనే సర్ది చెప్పుకుని ఇంకాస్త బలం పెట్టా. అప్పుడొచ్చింది శబ్దం, గోరు విరిగినట్టు సన్నగా. తీసి చూస్తే ఆ ముక్క వంగిపోయి ఉంది.

అప్పుడైనా వాడికి చెప్పాల్సింది. వాడి ఆటోఫోకస్ లెన్స్ పెట్టి చూశా, ఫోటోలు బానే వస్తున్నాయి, అలాంటి లెన్సులు కెమెరాకి ఎలక్ట్రానిక్‌గా చెప్పేస్తాయి, వాటికి ఆ ముక్కతో పనే లేదు. కనపడదులే అని శుభ్రంగా తుడిచి ఇచ్చేశా. వాడి దగ్గరొక మాన్యువల్ లెన్స్ కూడా ఉందన్న సంగతి నాకు తట్టలేదు. కొన్నాళ్లకి అది పెట్టి తీస్తే ఒకటి తెల్లగా పాలిపోయి, ఇంకోటి నల్లగా వస్తోందట, లెన్సే పాడైందనుకున్నాడు. నా ఎదురుగా కూర్చుని, "దీనికేమైందిరా" అని నా చేతికిచ్చాడు. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఏమో" అన్నా తల్లీ. రిపేరుకిస్తే, లెన్స్‌లో ఏం లేదు, కెమెరాలో ముక్క వంగింది అన్నారు, అప్పుడర్థమైంది వాడికి. నన్నొక్క మాట అనలేదు. మళ్లీ ఎప్పుడూ కెమెరా వాడుకోమనీ అనలేదు. నీ ఫ్రెండ్ మంచిదే, కాదనను. వాడూ మంచోడే.

మిర్రర్‌లెస్‌తో ఈ భయం లేదు. ఈ లెన్స్ సెన్సర్‌కి 46.5 మిల్లీమీటర్ల దూరంలో కూర్చోవాలి, నికాన్ జెడ్ మిర్రర్‌లెస్‌లో మౌంట్ నుంచి సెన్సర్‌కి ఉన్నది 16, మిగతా 30.5 అడాప్టర్ నింపుతుంది, గాజు లేని ఖాళీ గొట్టం అది. ఎపర్చర్ ప్రయారిటీలో పెట్టు, షట్టర్ సంగతి కెమెరానే చూసుకుంటుంది, చెయ్యి వణుకు సర్దే స్టెబిలైజేషన్ ఉంటే మెనూలో 50 అని చెప్పు, ఫోకస్ పీకింగ్ ఆన్ చెయ్, ఫోకస్ కుదిరిన అంచుల్ని రంగుతో చూపిస్తుంది. ఏపీఎస్-సీ అనే చిన్న సైజు సెన్సరైతే అది 75లా కనిపిస్తుంది, చిన్న గదిలో నలుగురు పట్టరు కానీ ఒక్క మొహానికి భలే ఉంటుంది.

అసలు వాడాలా వద్దా అంటే, ముందు ఆ తోలు పెట్టె చూస్తేనే నాకు భయం, తోలు తేమ పట్టి ఉంచుతుంది, బూజుకి అదే కావాలి. గది చీకటి చేసి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చ్ వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడు. దుమ్ము చుక్కలకి కంగారు పడకు, అవి ఫోటోలో కనపడవు. సాలెగూడు పోగుల్లా అల్లుకుని ఉంటే మాత్రం ఫంగస్, దాన్ని మిగతావాటితో కలిపి పెట్టకు, నువ్వే విప్పి తుడవాలని అస్సలు చూడకు. తర్వాత ఎపర్చర్ రింగు 16కి తిప్పి, వెనకున్న చిన్న లీవర్ వేలితో జరిపి వదులు, ఎపర్చర్ రేకులు చటుక్కున కదలాలి, బద్ధకంగా కదిలాయంటే నూనె దిగిందన్నమాట. ఇవి రెండూ బాగుంటే నిస్సందేహంగా వాడు.

పరిగెత్తే పిల్లల్ని తీయాలంటే మాత్రం కొత్త లెన్స్ కొనుక్కో, దీనికి ఆటోఫోకస్ లేదు, ఎపర్చర్ 1.4 దగ్గర మెత్తగా, కాస్త మంచు పట్టినట్టు వస్తుంది, ఎదురు వెలుగుంటే ఇంకా పాలిపోతుంది, ముందు నీడకి పెట్టే హుడ్ లేకుండా బయటికి తీసుకెళ్లకు. 5.6కి తెస్తే ఎంత నీటుగా ఉంటుందో నువ్వే చూస్తావు. నీ మొదటి పుట్టినరోజు ఫోటో, నువ్వు మీ నాన్న వేలు పట్టుకుని పైకి చూస్తున్నది, దాంతోనే తీశా. నువ్వు కదిలిపోతావేమోనని ఊపిరి బిగబట్టి ఫోకస్ చేశా.

ఆ 50 వెనక్కి తిప్పి చూడు, ఎపర్చర్ రింగు అంచున ఒకచోట నల్ల రంగు లేచి తెల్లగా గీత ఉంటుంది. అది ఆ రోజుదే. మీ నాన్నకి ఇప్పటికీ తెలియదు, ఈ ఉత్తరం ఆయనకీ చదివి వినిపించు. శనివారం సాయంత్రం ఫోన్ చెయ్, లెన్సూ టార్చీ దగ్గర పెట్టుకుని చెయ్.

మీ బాబాయ్