సూప్ మేకర్ అడుగంటుతోంది!

ప్రశ్న: ఇంట్లో ఇద్దరమే. కొత్త సూప్ మేకర్‌లో ప్రతిసారీ అడుగు మాడుతోంది. మెషీన్‌లో లోపమా?

జవాబు: కాకపోవచ్చండీ. సూప్ మేకర్ అంటే ముక్కల్ని ఉడికించి మెత్తగా చేసే కరెంటు జార్ కదా, వేడి పుట్టేది దాని అడుగునే. బంగాళాదుంప ముక్కలు ముందు వేస్తే వాటి పిండి అక్కడే పేరుకుని మాడుతుంది. మొదట్లో నాకూ అంతే. ఆ గోధుమరంగు పొరను రాత్రంతా నానబెట్టి, పొద్దున చెక్క గరిటెతో గీకితే గానీ వదల్లేదు. ఇప్పుడు ముందు వేడినీళ్లు, తర్వాతే ముక్కలు, అవీ చిన్నవిగా. పాలు, క్రీమ్ సూప్ అయ్యాకే కలపండి. నీళ్లు, ముక్కలు కలిపి జార్ లోపలి కనిష్ఠ గీతకు తగ్గితే మాడుతుంది, గరిష్ఠ గీత దాటితే పొంగుతుంది. మీది 1.6 లీటర్లదా? కొన్నింటిలో కనిష్ఠ గీతే 1.3 దగ్గర ఉంటుంది, ఇద్దరికి ఎక్కువే. మిగిలింది ఫ్రీజర్‌లో పెట్టుకోండి. కడిగేటప్పుడు కరెంటు భాగాన్ని మాత్రం నీళ్లలో ముంచకండి.