ఇస్లాంలో పాలకుణ్ణి గద్దె దించేదెవరు?

అడిగిన ప్రశ్న ఇది: "మేం చెన్నై ట్రిప్లికేన్‌లో ఉంటాం. మా వీధి మసీదు జమాత్‌కి (సభ్యుల సంఘానికి) ఎన్నికలు జరుగుతున్నాయి. ఓటరు జాబితా, పోస్టర్లు, బ్యాలెట్ పెట్టె, అన్నీ మున్సిపల్ ఎన్నికల్లాగే ఉన్నాయి. ఇస్లాంలో మతం, రాజకీయం ఒకటే, ప్రజాస్వామ్యానికి అందులో చోటే లేదని టీవీలో అంటుంటారు. ఏది నిజం?"

టీవీలో ఈ చర్చ ఎప్పుడు పెట్టినా "సార్వభౌమత్వం దేవుడిదా, ప్రజలదా" అన్న మాట దగ్గరే మొదలవుతుంది, అక్కడే ఆగిపోతుంది. గంటసేపు అరుచుకుంటారు, ఒక్క సంవత్సరం, ఒక్క పేరు, ఒక్క నిబంధన బయటికి రాదు. తెలుగులో ఈ విషయం మీద జరిగే చర్చల్లో సగం ఇలాగే పాడయ్యాయి. మీరు ఆ ప్రశ్న పక్కన పెట్టి ఇంకోటి అడగండి: గద్దె మీద కూర్చున్నవాడు దారి తప్పితే వాణ్ణి దించేదెవరు, ఏ పద్ధతిలో, ఎన్నాళ్లలో? ఇస్లామిక్ రాజకీయ చింతన బలమూ బలహీనతా రెండూ ఇక్కడే దొరుకుతాయి.

ఎక్కించడానికి దారులు మొదటినుంచీ ఉన్నాయి, అదీ ఒకటి కాదు. 632లో ప్రవక్త మరణించిన రోజే మదీనాలో సఖీఫా అనే చావడిలో అన్సార్లకూ (మదీనావాసులు) ముహాజిర్లకూ (మక్కా నుంచి వలస వచ్చినవాళ్లు) మధ్య వాదన జరిగి, అబూబకర్‌ని ఖలీఫాగా, అంటే ప్రవక్త తర్వాతి పాలకుడిగా ఒప్పుకుని, ఆయన చేతిలో చెయ్యేసి అంగీకారం తెలిపారు. రెండేళ్ల తర్వాత అబూబకర్ తన తర్వాత ఉమర్ అని తానే పేరు చెప్పి వెళ్లారు. 644లో ఉమర్ ఇంకో దారి పట్టారు. తెల్లవారు నమాజులో కత్తిపోటు తిని మంచాన పడ్డ మనిషి, ఆ స్థితిలోనే ఒక ఎన్నికల నియమావళి చెప్పారు. ఆరుగురు సభ్యులు: ఉస్మాన్, అలీ, తల్హా, జుబైర్, అబ్దుర్ రహ్మాన్ ఇబ్న్ ఔఫ్, సాద్ ఇబ్న్ అబీ వక్కాస్. గడువు మూడు రోజులు. ఉమర్ కొడుకు అబ్దుల్లా సలహా చెప్పొచ్చు, పదవికి మాత్రం పనికిరాడు. మూడుకు మూడు చీలితే అబ్దుర్ రహ్మాన్ ఎటుంటే అటు. బయట కాపలాకి అబూ తల్హా అన్సారీ, వెంట యాభైమంది. తబరీ వంటి తొలి చరిత్రకారులు ఇవన్నీ రాసిపెట్టారు. అబ్దుర్ రహ్మాన్ తన పోటీ వదులుకుని, ఊరంతా తిరిగి అభిప్రాయాలు అడిగి, చివరికి ఉస్మాన్ పేరు ప్రకటించారు.

ఇంత జాగ్రత్తగా రాసుకున్న నియమావళిలో ఒక్క గీత లేదు. ఎన్నికైన మనిషి మీద ఫిర్యాదు వస్తే ఎవరు వినాలి? పన్నెండేళ్లకి ఆ లోటు రక్తం కళ్ల చూసింది. ఉస్మాన్ తన బంధువుల్ని గవర్నర్లుగా పెట్టారని ఈజిప్టు నుంచీ కూఫా, బస్రాల నుంచీ జనం మదీనాకి వచ్చారు. మాటలు జరిగాయి, ఫిర్యాదులు సరిచేస్తామన్న హామీ దొరికింది, ఈజిప్టు వాళ్లు తిరుగుముఖం పట్టారు. దారిలో ఒక వార్తాహరుడు దొరికాడు. వాడి దగ్గర ఖలీఫా ముద్ర ఉన్న ఉత్తరం, అందులో ఈ వెళ్తున్న వాళ్లనే శిక్షించమని గవర్నరుకి ఆజ్ఞ. వెనక్కి వచ్చి ఇల్లు చుట్టుముట్టారు. ఆ ఉత్తరం నేను రాయలేదన్నారు ఉస్మాన్. అయితే రాసినవాణ్ణి, అంటే వాళ్లు అనుమానించిన మర్వాన్‌ని (ఉస్మాన్ బంధువు, కార్యదర్శి), అప్పగించమన్నారు, లేదంటే పదవి వదలమన్నారు. దేవుడు తొడిగిన అంగీని నేను విప్పనన్నది ఆయన జవాబు. వారాల తరబడి ముట్టడి సాగి, 656 జూన్‌లో ఖురాను చదువుకుంటుండగా ఆయన్ని ఇంట్లోనే చంపేశారు.

ఆ ఉత్తరం అసలుదా, దొంగదా అని విచారించే అధికారం ఉన్న మనిషి ఆ రోజు మదీనాలో ఒక్కడూ లేడు. ఖలీఫా కంటే పైన ఎవరూ లేరు, ఖలీఫా మీదే ఆరోపణ. అలీ మధ్యవర్తిత్వం చేశారు గానీ అది పెద్దమనిషి తరహా, పదవీ అధికారం కాదు. తర్వాత వచ్చిన అంతర్యుద్ధం, సున్నీ షియా చీలిక, ఖారిజీల (అలీ పక్షం నుంచి విడిపోయిన వర్గం) తిరుగుబాటు, అన్నిటికీ వేరు ఆ ఇంటి గుమ్మంలోనే ఉందని నేను గట్టిగా చెప్తాను.

నాలుగు వందల ఏళ్ల తర్వాత బాగ్దాదులో మావర్దీ (మరణం 1058) ఈ శాస్త్రాన్నంతా ఒక గ్రంథంగా కూర్చాడు. ఇమాముకి (ఇక్కడ ఆ మాటకి పాలకుడనే అర్థం) ఏడు అర్హతలు, పది విధులు. ఎన్నుకోవడానికి ఎంతమంది చాలన్న దానిమీద వాదాలన్నీ ఎత్తిరాశాడు: అన్ని పట్టణాల పెద్దలూ కావాలని కొందరు, అయిదుగురు చాలని కొందరు, పెళ్లికి ఒక వలీ (సంరక్షకుడు), ఇద్దరు సాక్షులు చాలినట్టు ముగ్గురు చాలని కూఫా పండితులు, ఒక్కడున్నా సరిపోతుందని ఇంకొందరు. పదవి పోయే కారణాలు కూడా చెప్పాడు. న్యాయవర్తన పోతే పదవి పోతుంది. శరీరలోపాల జాబితా మరీ సూక్ష్మం: చూపు పోతే పదవి పోతుంది, రేచీకటి వస్తే పోదు, వాసన, రుచి తెలియకపోయినా పోదు. రెండు చేతులూ పోతే పోతుంది. ఇంత రాసినవాడు, న్యాయవర్తన పోయిందని తేల్చి చెప్పే సభ ఏదో రాయలేదు.

చూపు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. 934లో ఖలీఫా ఖాహిర్ గద్దె దిగనన్నాడు, సైనికులు కళ్లు తీసేశారు. 944లో ముత్తఖీకి తూజూన్ అనే తుర్కు సేనాని అదే చేశాడు. 946లో బువైహిద్‌లు (అప్పటికి బాగ్దాదుని చేతిలోకి తీసుకున్న ఇరాన్ సైనిక వంశం) ముస్తక్ఫీని దించి అతని చూపూ తీశారు. పన్నెండేళ్లలో ముగ్గురు. చంపితే ఖలీఫాని చంపిన పాపం, దించడానికి పద్ధతి లేదు, చూపు పోతే ధర్మశాస్త్రం ప్రకారమే అనర్హుడు. శాస్త్రంలో తొలగింపుకి తలుపు పెట్టకపోతే కాల్చిన ఇనుప కడ్డీతో ఆ పని చేశారు. మావర్దీ బతికింది ఈ బువైహిద్‌ల నీడలోనే. ఆ జాబితా చదువుతున్నప్పుడు ఇది గుర్తుండాలి.

ఆ తర్వాతి పండితులు రాజీపడ్డారు. గజాలీ (మరణం 1111) అయితే ప్రాణం మీదికొచ్చినప్పుడు చచ్చిన జంతువు మాంసం కూడా తినొచ్చన్న నియమాన్నే తెచ్చి ఈ పరిస్థితికి వర్తింపజేశాడు: అర్హతలు తక్కువైన పాలకుణ్ణి ఒప్పుకోకపోతే న్యాయమూర్తులూ పెళ్లిళ్లూ ఆస్తులూ దేనికీ చెల్లుబాటుండదు. ఇబ్న్ జమాఆ (మరణం 1333) కత్తితో గెలిచినవాడికీ విధేయత చూపాలన్నాడు. ఈ రెండు వాక్యాలు పట్టుకుని "ముస్లింలకి నియంతకి తలవంచడం మతంలోనే ఉంది" అని తీర్పులిచ్చేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. అదే పండితులు చట్టాన్ని మాత్రం సుల్తాను చేతికి ఇవ్వలేదు. 833లో ఖలీఫా మామూన్ మత సిద్ధాంతం తానే నిర్ణయిస్తానని పండితుల్ని పరీక్షకి పెట్టాడు, తర్వాతి ఖలీఫా అహ్మద్ ఇబ్న్ హంబల్‌ని కొరడాలతో కొట్టించాడు. ఇరవై ఏళ్లు కాకముందే ఆ ప్రయత్నం మూలపడింది. అప్పటినుంచి శాసనం చెప్పేది పండితుడు, సైన్యం నడిపేది సుల్తాను, మదర్సాలకీ ఆస్పత్రులకీ డబ్బు వక్ఫులది (ధర్మకార్యాలకి రాసిచ్చిన ఆస్తులది). మతమూ రాజ్యమూ ఒకటేనన్న నినాదం వినడానికి బాగుంటుంది గానీ వెయ్యేళ్ల ఆచరణ అలా లేదు.

దించే పద్ధతికి ఒక రూపం కనబడింది ఒట్టోమన్ల చివరి రోజుల్లో. 1909 ఏప్రిల్ 27న సుల్తాను అబ్దుల్ హమీద్‌ని దించిన ఫత్వా (పండితుడి ధర్మనిర్ణయం) చూడండి. అది ప్రశ్న, జవాబుల రూపంలో ఉంటుంది. నిందితుడి పేరు ఉండదు, ఫత్వాల అలవాటు ప్రకారం "జైద్" అంటారు. ముస్లింల ఇమామైన జైద్ ధర్మశాస్త్ర గ్రంథాల్లోంచి విషయాలు తీసేయిస్తే, ఖజానా దుబారా చేస్తే, కారణం లేకుండా జనాన్ని చంపి, ఖైదు చేసి, దేశం దాటిస్తే, వాణ్ణి దించడం గానీ తప్పుకోమనడం గానీ తప్పనిసరా? జవాబు ఒక్క మాట: అవును. ఆ రెండు దారుల్లో తొలగింపే కావాలని ఎంచుకున్నది పార్లమెంటు. సలోనికా నుంచి వచ్చిన సైన్యం మూడు రోజుల ముందే ఇస్తాంబుల్‌లో దిగి ఉంది కాబట్టి పని జరిగిందనేదీ నిజమే. అయినా పండితుడు నేరం చెప్పడం, ఎన్నికైన సభ నిర్ణయించడం, మనిషి కళ్లతో ప్రాణాలతో బయటపడటం, ఈ మూడూ ఒకచోట కలవడం చిన్న సంగతి కాదు.

ఇరవయ్యో శతాబ్దం దీన్ని ముందుకి తీసుకెళ్లాల్సింది. బదులుగా మళ్లీ సార్వభౌమత్వం మీదికి వెళ్లింది. మన హైదరాబాద్ సంస్థానంలోని ఔరంగాబాదులో 1903లో పుట్టిన మౌదూదీ (జమాతే ఇస్లామీ స్థాపకుడు) పాలనాధికారం దేవుడిదేనని, మనుషులు ప్రతినిధులు మాత్రమేనని సిద్ధాంతం కట్టాడు. ఎవరు తప్పు చేశారని ఎవరు తేలుస్తారన్న ప్రశ్నకి అది జవాబివ్వదు. 1979 ఇరాన్ రాజ్యాంగం ఇవ్వబోయింది. 111వ అధికరణం ప్రకారం సర్వోన్నత నేతని నిపుణుల సభ తొలగించొచ్చు. 88 మంది సభ్యులు, జనం ఓట్లతో గెలిచినవాళ్లే. అయితే పోటీ చేసేవాళ్లని వడపోసేది రాజ్యాంగ సంరక్షక మండలి, ఆ మండలిలోని ఆరుగురు ధర్మశాస్త్రజ్ఞుల్ని నియమించేది ఆ నేతే. తీర్పరిని ముద్దాయే పెట్టుకుంటున్నాడు. చెడింది ఇక్కడ, ఓట్ల దగ్గర కాదు.

ట్యునీసియా ఇంకో రకంగా చెడింది. 2014 రాజ్యాంగం రాసేటప్పుడు ఇస్లామిక్ పార్టీ అన్నహ్దా షరియా ప్రస్తావన పట్టుబట్టకుండా వదిలేసింది. అధ్యక్షుణ్ణి తొలగించే దారీ రాశారు: పార్లమెంటులో మూడింట రెండొంతుల మెజారిటీ, తర్వాత రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు. పన్నెండుమంది సభ్యులతో ఆ కోర్టు ఏడాదిలో ఏర్పడాలి. పార్లమెంటు వంతు నలుగురు, ఒక్కొక్కరికి 217లో 145 ఓట్లు కావాలి. పార్టీలు కీచులాడుకుని ఒక్కరినే ఎన్నుకోగలిగాయి. 2021 జూలై 25న అధ్యక్షుడు కైస్ సయీద్ అత్యవసర అధికారాల 80వ అధికరణం చూపించి పార్లమెంటుని స్తంభింపజేస్తే, అది చెల్లదని చెప్పాల్సిన కోర్టు లేనేలేదు. మదీనాలో ఆ ఉత్తరం గురించి తేల్చేవాడు లేని పరిస్థితే, పదమూడు శతాబ్దాల తర్వాత, సూట్లేసుకున్న మనుషుల మధ్య. ఈ దేశాన్ని ఉదాహరణగా చూపి "ఇస్లాం వల్ల ప్రజాస్వామ్యం నిలవలేదు" అనేవాళ్లు ఆ 145 సంఖ్య ఒకసారి చూసుకోవాలి.

ఇక మీ వీధి మసీదు. అక్కడ దించే దారి కాగితం మీద ఉంది. 1995 వక్ఫ్ చట్టం 64వ సెక్షన్ కింద రాష్ట్ర వక్ఫ్ బోర్డు ముతవల్లీని, అంటే వక్ఫ్ ఆస్తిని నిర్వహించే మనిషిని లేదా కమిటీని, తొలగించొచ్చు. కారణాలు చట్టంలోనే ఉన్నాయి: నమ్మకద్రోహం కేసులో శిక్ష, దివాలా, తాగుడు వ్యసనం, లెక్కలు రాయకపోవడం, వక్ఫ్ ఆస్తి లీజులో సొంత లాభం. విచారణ జరపకుండా, బోర్డు సభ్యుల్లో మూడింట రెండొంతులమంది ఒప్పుకోకుండా తొలగించడానికి వీల్లేదు. కోర్టు శిక్ష వల్ల కాకుండా మిగతా కారణాలతో పదవి పోయినవాళ్లు నెలలోపు వక్ఫ్ ట్రిబ్యునల్‌కి అప్పీలు చేసుకోవచ్చు. ఆరోపించేవాడు ఒకడు, విచారించేవాడు ఇంకొకడు, మళ్లీ వినేవాడు మూడోవాడు.

జమాత్ ఎన్నికల్లో గొడవలు సాధారణంగా ఓటరు జాబితా దగ్గరే పుడతాయి. చందా బకాయి ఉన్నవాళ్లకి ఓటుందా, అద్దెకొచ్చినవాళ్లు ఎన్నేళ్లకి సభ్యులవుతారు, ఆడవాళ్ల పేర్లు ఉంటాయా, ఇవన్నీ బైలాలో (సంఘం సొంత నియమావళిలో) తేలాలి. కొన్ని మసీదులకి సివిల్ కోర్టు రాసిచ్చిన స్కీము (నిర్వహణ నిబంధనల పత్రం) ఉంటుంది, అలాంటిచోట బైలా కంటే స్కీమే పైన. కమిటీ కాలం ముగిసినా ఎన్నిక పెట్టకుండా సాగదీయడం ఇంకో జబ్బు, అది కోర్టు మెట్లెక్కేదాకా వెళ్తుంది. మీకు ఆసక్తి ఉంటే కమిటీవాళ్లని మూడు కాగితాలు చూపించమనండి: బైలా లేదా స్కీము, తేదీ వేసిన ఓటరు జాబితా, పాత కమిటీ బాధ్యత తీసుకున్న రోజు తీర్మానం. మూడో కాగితం దొరక్కపోతే పదవీకాలం ఎప్పుడు ముగిసిందో ఎవరూ రుజువు చెయ్యలేరు. గెలిచినవాళ్లు మారినప్పుడు బోర్డుకి తెలియజేసి రికార్డు మార్పించుకోవాలి, అది చెయ్యకపోతే బ్యాంకు ఖాతా పాత సంతకాల మీదే నడుస్తుంది.