పట్టా భూమిలో పెంచిన వెదురు అమ్మాలంటే పర్మిట్ కావాలా?

ప్రశ్న: మాది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా. నా పట్టా చేను గట్ల మీద పెంచిన వెదురు కోతకు వచ్చింది. చంద్రాపూర్ వ్యాపారి కొంటానన్నాడు. వెదురును చెట్ల లెక్కలోంచి తీసేశారని, పర్మిట్ అక్కర్లేదని అతను అంటున్నాడు. లారీ యజమాని మాత్రం కాగితం లేనిదే బండి కదలదంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: లారీ యజమాని మాట వినండి. వ్యాపారి చెప్పిన సవరణ నిజమే, కానీ అది జరిగింది వేరే చట్టానికి.

1927 నాటి భారత అటవీ చట్టం సెక్షన్ 2(7) తాటి, పేము వంటి వాటితోపాటు వెదురునూ ‘చెట్టు’ కిందే లెక్కగట్టింది. నిజానికి వెదురు గడ్డి జాతి. అక్కడితో ఆగినా పేచీ ఉండేది కాదు. పడగొట్టిన చెట్టు ‘కలప’ అవుతుందని 2(6) చెబుతుంది. కలప అడవిలో దొరికినా, పెరట్లో పెరిగినా అటవీ ఉత్పత్తేనని 2(4) అంటుంది. ఈ మూడూ కలిపి చదివితే, రైతు సొంత గట్టున పెంచిన బొంగు కూడా కత్తి పడగానే అటవీ ఉత్పత్తి అయిపోయేది, రవాణా నిబంధనల్లో చిక్కుకునేది. తొంభై ఏళ్లు ఈ అన్యాయం నడిచింది. 2017 నవంబరులో ఆర్డినెన్సుతో, తర్వాత 2018 నాటి 5వ నంబరు చట్టంతో ఆ నిర్వచనంలోంచి ‘వెదురు’ను తొలగించారు. అడవి బయట పెరిగిన వెదురుకే ఈ ఊరట. అడవిలోంచి తెచ్చినది ఇప్పటికీ అటవీ ఉత్పత్తే.

అయితే 1927 చట్టం మన రెండు రాష్ట్రాల్లో అమల్లో లేదు. ఇక్కడ నడిచేది ఉమ్మడి రాష్ట్రం చేసుకున్న 1967 అటవీ చట్టం. దాని నిర్వచనాలు దానికే ఉన్నాయి, కేంద్ర సవరణ వాటిని ముట్టుకోలేదు. మహారాష్ట్రలో 1927 చట్టమే అమల్లో ఉంది కాబట్టి వ్యాపారి తన రాష్ట్రం లెక్క చెప్పాడు. మీ సరుకు బయల్దేరేది తెలంగాణ నుంచి. కాగితం లేకుండా పట్టుబడితే వెదురుతోపాటు లారీనీ స్వాధీనం చేసుకునే అధికారం 1967 చట్టం ఇస్తోంది. లారీ యజమాని భయం అదే.

కాబట్టి పట్టాదారు పాస్‌బుక్ నకలు, సర్వే నంబరు, తోట ఫొటోలు జతచేసి జిల్లా అటవీ అధికారికి దరఖాస్తు పెట్టండి. పట్టా భూమి వెదురుకు ఇవాళ అమల్లో ఉన్న ప్రభుత్వ ఉత్తర్వుల ప్రకారం రవాణా పర్మిట్ కావాలో, మినహాయింపు ఉందో రాతపూర్వకంగా అడగండి. మినహాయింపు ఉందంటే ఆ ఉత్తర్వు నకలు లారీలో ఉండాలి, నోటిమాట చెక్‌పోస్టు దగ్గర పనికిరాదు. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో చెప్పి తీరాలి. మీది పోడు భూమికిచ్చిన అటవీ హక్కుల పట్టా అయితే దారి వేరు. 2006 అటవీ హక్కుల చట్టాన్ని చూడాలి, మళ్లీ రాయండి.

బుట్టలు, తడికెలు అల్లే మేదరి కుటుంబాలకూ ఒక మాట. వెదురు చాప అటవీ ఉత్పత్తి కాదని, మనిషి శ్రమతో తయారైన వేరే సరుకని సురేశ్ లోహియా కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. అల్లిన సరుకును ఎవరైనా ఆపితే ఈ తీర్పు చూపండి.

కేంద్రం సరిదిద్దిన తప్పును రెండు రాష్ట్రాలూ తమ చట్టంలోనూ సరిదిద్దాలి. నాటినవాడు తన పంట తాను అమ్ముకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగడం న్యాయం కాదు. అప్పటిదాకా, వ్యాపారితో ఒప్పందం రాసుకునేటప్పుడు పర్మిట్ ఎవరు తేవాలో, సరుకు ఆగిపోతే నష్టం ఎవరిదో అందులో స్పష్టంగా రాయించుకోండి.