ఆపరేషన్ తర్వాత కుందేలు కదలకుండా కూర్చుంటే

మీ కుందేలుకు గర్భసంచి తీయించిన రెండో రోజు, "అరవడం లేదు, బుద్ధిగా మూల కూర్చుంది, గడ్డి మాత్రం ముట్టడం లేదు, నొప్పి మందు నిన్నే ఆపేశాం" అని మీరు అన్నారు. అది బుద్ధి కాదండీ, చాలావరకు నొప్పే. వేటకు బలయ్యే జంతువు కదా, కుందేలు నొప్పిని దాచుకుంటుంది.

1. అందరూ వదిలేసేది ఇదే: దగ్గరికెళ్లి చూడకండి. మనిషి కనబడితే అది మామూలుగా ఉన్నట్టే ఉంటుంది. గది బయట నుంచో, ఫోన్ వీడియో పెట్టో పది నిమిషాలు గమనించండి. కళ్లు సగం మూయడం, బుగ్గలు చదునవడం, చెవులు వెనక్కి ముడవడం, పళ్లు గట్టిగా నూరడం, పొట్ట నేలకు నొక్కడం కనిపిస్తే నొప్పి ఉన్నట్టే.

2. పెంటికలు లెక్కపెట్టండి. తగ్గినా, చిన్నవైనా పేగులు మందగిస్తున్నాయి.

3. ఇప్పుడే డాక్టర్‌కి ఫోన్ చేసి మెలాక్సికామ్ (నొప్పి మందు) మళ్లీ మొదలుపెట్టాలా, ఎంత మోతాదు అని అడగండి. కుక్కల లెక్క కుందేలుకు సరిపోదు. మనుషుల మాత్రలు అసలు వద్దు.

4. తాజా కొత్తిమీర, గడ్డి నోటి దగ్గర పెట్టండి. పొట్ట గట్టిగా ఉబ్బితే సిరంజితో ఏమీ పట్టకండి.

పన్నెండు గంటలుగా తినకపోయినా, పెంటికలు ఆగినా రేపటిదాకా ఆగొద్దు. మీ డాక్టర్ దొరక్కపోతే బెంగళూరులో హెబ్బాళ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. ముందు ఫోన్ చేసి, ఆపరేషన్ చీటీ, ఆ వీడియో పట్టుకెళ్లండి.