మీ ప్రశ్న – మా జవాబు: తక్కువ ఖర్చులో హైదరాబాద్

ప్రశ్న: సెలవులకు నలుగురం హైదరాబాద్ వస్తున్నాం. రెండు రోజులే ఉంటాం. చార్మినార్, మ్యూజియం, గోల్కొండ చూడాలని పిల్లల కోరిక. ఖర్చు చెయ్యి దాటకుండా ఎలా తిరగాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఈ ఊళ్లో డబ్బు ప్రవేశ టికెట్లకు పోదమ్మా, ఆటోలకు పోతుంది. ఒక దిక్కున ఉన్నవన్నీ ఒకే రోజు పెట్టుకోండి. ముందుగా ఏ వారమో చూసుకోండి. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండింటికీ శుక్రవారం సెలవు. ఆ రోజు మధ్యాహ్నం నమాజు వేళ మక్కా మసీదు దగ్గర అడుగు తీసి అడుగు వేయలేం. కాబట్టి పాతబస్తీకి శుక్రవారం వద్దు.

మెట్రో చార్మినార్ దాకా లేదు. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) మెట్రోలో దిగితే మూసీ దాటి మ్యూజియానికి నడిచిపోవచ్చు. పదింటికే లోపలికి వెళ్లి, పావు తక్కువ పన్నెండుకల్లా సంగీత గడియారం ముందు కూర్చోండి. గంట కొట్టే ముందు చిన్న తలుపులోంచి గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట మోగిస్తుంది. పక్కన కమ్మరి బొమ్మ సెకను సెకనుకూ సుత్తి దెబ్బ వేస్తూనే ఉంటుంది. పన్నెండు దెబ్బలూ వినాలంటే ఇదే సమయం, ఆలస్యమైతే ముందువాళ్ల తలలే కనిపిస్తాయి.

అక్కణ్ణుంచి మదీనా, పత్తర్‌గట్టీ మీదుగా చార్మినార్‌కు నడకే మేలు. ఆ ఇరుకులో ఆటో కన్నా కాళ్లే ముందుంటాయి. మక్కా మసీదు, లాడ్ బజార్, చౌమహల్లా అన్నీ దాని చుట్టుపక్కలే. లక్క గాజులు కొనాలనుకుంటే ఇంటి నుంచి సరిపోయే పాత గాజు ఒకటి వెంట తెచ్చుకోండి. లక్క సాగదు, కొలత తప్పితే మణికట్టు దాకా రాదు. ఇరానీ హోటల్లో చాయ్‌తో పాటు అడక్కుండానే సమోసాల ప్లేటు పెడితే కంగారు పడకండి, తిన్నవాటికే లెక్క కడతారు.

గోల్కొండ రెండో రోజు పొద్దున్నే. మెహదీపట్నం దాకా బస్సు, అక్కడ గోల్కొండ బస్సు మారాలి. పైకి 360 దాకా మెట్లున్నాయి, ఎండెక్కితే పిల్లలు సగంలోనే కూలబడతారు. నీళ్లు కిందే నింపుకోండి. ఎక్కే ముందు బాలాహిస్సార్ దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొట్టించండి, ఆ చప్పుడు కొండ మీదకు వినిపిస్తుంది. ఒకరు ముందే పైకెళ్లి వింటే పిల్లలకు ఇంకా సరదా. 15 ఏళ్ల లోపు వాళ్లకు ఇక్కడా, చార్మినార్ దగ్గరా టికెట్ లేదు. వయసు చూపడానికి పిల్లల ఆధార్ దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న: సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితమట. ఆంధ్ర నుంచి వచ్చే మాకూ వర్తిస్తుందా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: వర్తించదు. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపితేనే కండక్టర్ జీరో టికెట్ ఇస్తారు. మీ బంధువులు ఇక్కడివాళ్లైతే వాళ్లూ అసలు కార్డు వెంట ఉంచుకుని, జీరో టికెట్ అడిగి తీసుకోవాలి. మీరు రోజంతా బస్సుల్లో తిరిగేటట్టయితే కండక్టర్ దగ్గర 24 గంటల టికెట్ తీసుకోండి. దానికి తేదీ కాదు, కొన్న సమయం లెక్క. ఉదయం పదింటికి కొంటే మర్నాడు పదింటి దాకా చెల్లుతుంది. అందుకే రాత్రి దిగగానే కాకుండా, తిరుగుడు మొదలయ్యేటప్పుడే కొనండి.

ప్రశ్న: రైలు తెల్లవారుజామున దిగుతుంది. గది, సామాను సంగతి?
– ఒక పాఠకుడు, తుని

జవాబు: టికెట్ మీద స్టేషన్ పేరు చూడండి. ఈ మధ్య చాలా రైళ్లు చర్లపల్లిలోనే ఆగిపోతున్నాయి. అక్కడ మెట్రో లేదు. సికింద్రాబాద్ దాకా వచ్చే రైలు దొరికితే అదే తీసుకోండి, మెట్రో పక్కనే. లాడ్జిలో అద్దె కన్నా ముందు అడగాల్సింది చెక్‌అవుట్ 24 గంటలదా, మధ్యాహ్నం 12 గంటలదా అని. రెండోదైతే, ఉదయం ఆరింటికి గదిలోకి వెళ్తే ఆ మధ్యాహ్నానికే ఒక రోజు అద్దె పడుతుంది. అలాంటప్పుడు సామాను స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టి ఊరు చూసి, సాయంత్రం గది తీసుకోండి. తాళం లేని బ్యాగును అక్కడ తీసుకోరు. చిన్న తాళాలు ఇంటి దగ్గరే కొనుక్కుని రండి. తినుబండారాలు మాత్రం అందులో ఉంచకండి, ఎలుకలుంటాయి.