వదిలేసిన ప్రశ్నలు ఎన్ని?

ప్రశ్న: మాది కర్నూలు. ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. ఇక్కడి మెడికల్ కాలేజీలోనే సీటు కొట్టాలని పట్టుదల. ఇంట్లో ఎవరూ ఒత్తిడి పెట్టరు, అమ్మయితే ‘ఇంక పడుకోవే’ అనే అంటుంది. నేనే ఊరుకోలేను. లెక్క రాకపోతే వచ్చేదాకా ముందుకు పోలేను. నోట్సులో కొట్టివేత పడితే పేజీ మొత్తం తిరగరాస్తాను. రాత్రి ఒంటిగంట దాటుతోంది. అయినా నీట్ మాక్ టెస్టుల్లో మార్కులు తగ్గుతున్నాయి. టార్గెట్ తగ్గించుకోవాలా సార్?

జవాబు: ఎందుకమ్మా తగ్గించుకోవడం? ఏళ్ల తరబడి మన సీమ పిల్లలు ఎంతమందో ఆ కాలేజీ గేటులోంచి డాక్టర్లై బయటికొచ్చారు. నీది అత్యాశ కాదు.

నువ్వు పంపిన మాక్ టెస్టు కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఫిజిక్స్‌తో మొదలుపెట్టావు. పదకొండో ప్రశ్నకి రఫ్ వర్కు పేజీన్నర. మూడుసార్లు కొట్టేసి, నాలుగోసారి మళ్లీ మొదటి నుంచి చేశావు. జవాబు వచ్చింది, సరైనదే. నాలుగు మార్కులు. అదే పేపర్లో చివర బయాలజీ ప్రశ్నలు 14 చూడనే లేదు. 56 మార్కులు! అందులో సగం నీకు నిద్రలో లేపి అడిగినా వచ్చేవే.

నీట్‌లో 180 ప్రశ్నలకు 180 నిమిషాలు. మొత్తం 720 మార్కుల్లో బయాలజీవే 360. తప్పు రాస్తే ఒక మార్కు కోత, వదిలేస్తే ఏ కోతా లేదు. రానిది వదిలేసుకోమని పేపర్ పెట్టినవాళ్లే దారి చూపించారు. వదిలేస్తే ఓడినట్టే అన్న రూలు మాత్రం నువ్వు పెట్టుకున్నది. టెన్త్‌దాకా అది నిన్ను ఫస్టులో నిలబెట్టింది కాబట్టి దాన్ని అనుమానించడం నీకు కష్టమే.

బయాలజీతో మొదలుపెట్టు. ఏ లెక్కయినా రెండు నిమిషాల్లో కదలకపోతే పక్కన చుక్క పెట్టి దాటెయ్. మొదటి రెండు టెస్టుల్లో ఒళ్లంతా జెర్రులు పాకినట్టుంటుంది. ఉండనీ.

నోట్సు తిరగరాయడం ఈ రోజే ఆపు. అది చేతికి పని, బుర్రకు కాదు. (నేనూ ఒకప్పుడు నాలుగు రంగుల పెన్నులతో రాసినవాణ్ణే, అందుకే చెబుతున్నాను.) ఇక నిద్ర. చదివింది మెదడులో బాగా కుదురుకునేది నిద్రలోనే. పైగా నీట్ మధ్యాహ్నం రెండింటికి, అదీ మే నెల కర్నూలు ఎండలో. నువ్వేమో అర్ధరాత్రి చురుగ్గా ఉండటం సాధన చేస్తున్నావు! పదిన్నరకి పుస్తకం మూసెయ్. మీ అమ్మ మాట ఉచితంగా దొరికిన కౌన్సెలింగ్.

ఈఏపీసెట్‌కి కూడా అప్లై చెయ్. 160 ప్రశ్నలు, నెగెటివ్ మార్కుల్లేవు, అక్కడ మాత్రం ఒక్కటీ వదలొద్దు. అగ్రికల్చర్ బీఎస్సీ చేయాలనుకుంటే మహానందిలోనే కాలేజీ ఉంది.

టెస్టు రోజు అన్నం సయించకపోవడం, చేతులు వణకడం, ఊరికే ఏడుపు రావడం ఉంటే దాచుకోకు. ముందు అమ్మకు చెప్పు. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ కట్టక్కర్లేదు.

వచ్చే ఆదివారం టెస్టు అయ్యాక నాకు మార్కులు పంపొద్దు. ఎన్ని చుక్కలు పెట్టి దాటావో, వాటిలో ఎన్నింటికి మళ్లీ వెనక్కి రాగలిగావో అది రాసి పంపు.